జనరేటర్ కొన్నారు సరే, చేంజోవర్ ఏది?

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు జిల్లా. రొయ్యలు కొనే కంపెనీలో కంప్యూటర్ల పని మొత్తం నేనొక్కడినే చూస్తాను. విడవలూరు నుంచి కొత్తపట్నం దాకా గుంటల దగ్గర మా వాళ్ళు కాటా వేసి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో), బరువు ఫోన్‌లో ఎక్కిస్తారు. అవన్నీ ప్లాంటులో ఉన్న ఒకే ఒక పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్ సర్వర్‌లోకి వస్తాయి. డేటా 70 జీబీ లోపే. 2023 డిసెంబరు తుపానులో ఆ సర్వర్ డిస్కు పోయింది. ముందురోజు రాత్రి బ్యాకప్‌తో లేపాం గానీ తొమ్మిది గంటల కాటా చీటీలు పోయాయి. రైతుల దగ్గరున్న కాగితాలు చూసి లెక్క తేల్చడానికి నెల పట్టింది. ఇప్పుడు ఓనరు ఇంకో సర్వర్ కొనిచ్చారు. ఒక వెండరు వచ్చి డేటాబేస్‌ని మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో రకానికి మార్చి, సర్వర్లన్నింటినీ కలిపి నడిపే గలేరా పెట్టమంటున్నాడు. ప్లాంటులో ఒకటి, ఒంగోలు ఆఫీసులో ఒకటి పెడితే రెండింట్లోనూ రాసుకోవచ్చట, ఇక ఆగే మాటే లేదట. ఇంకొకాయన మామూలు రెప్లికా, అంటే కాపీ సర్వర్ ఒకటి, చాలంటాడు. ఫ్రెండేమో అంతా క్లౌడ్‌లో పెట్టేయమంటాడు. ఓనరు అడిగేది ఒక్కటే: ‘పోతే ఎంతసేపట్లో లేస్తది?’ ఏం చెప్పమంటారు?

సమాధానం:

తమ్ముడూ, అన్నా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను.

తొమ్మిది గంటల చీటీలు పోయాయన్న చోట చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. నెలల తరబడి గుంట గట్టు మీద పడుకుని రొయ్యను పెంచిన మనిషి, చేతిలో కాగితం కూడా తడిసిపోతే తనది నలభై కౌంటని దేనితో రుజువు చేసుకుంటాడు? కౌంటు పది తేడా వస్తే కిలో రేటే మారిపోతుంది. అందుకని నీ ఓనరు అడిగిన ప్రశ్న సగమే అంటాను. ఎంతసేపట్లో లేస్తుంది అన్నది ఒక సగం. లేచినప్పుడు ఎన్ని చీటీలు తక్కువగా లేస్తుంది అన్నది రెండో సగం. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. రెండూ ఆయన చేత వేరువేరుగా చెప్పించు. పది నిమిషాలు ఆగినా ఫర్వాలేదు, చీటీ మాత్రం ఒక్కటి కూడా పోకూడదు అంటారని నా ఊహ. ఆ ఊహ మీదే మిగతాది రాస్తున్నాను.

ఇక గుంట దగ్గరికే పోదాం. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రాత్రిపూటైతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకే రైతు అప్పు చేసైనా జనరేటర్ పెట్టుకుంటాడు. ఆ జనరేటర్‌తో పాటు షెడ్డు గోడకి చేంజోవర్ స్విచ్చు కూడా ఉంటుంది. హ్యాండిల్ ఒక పక్కకి వేస్తే లైను, ఇంకో పక్కకి వేస్తే జనరేటర్, మధ్యలో ఉంటే రెండూ లేవు. కాపలా మనిషి నిద్రమత్తులో వేసినా రెండు కరెంట్లూ కలిసే వీలు ఆ స్విచ్చులోనే ఉండదు.

డేటాబేస్‌ల దగ్గరికి వచ్చేసరికి అందరూ జనరేటర్ కొంటున్నారు, చేంజోవర్ కొనడం మరిచిపోతున్నారు. నేనూ మరిచినవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట ప్రకాశం జిల్లాలో ఒక ఎగుమతి సంస్థకు రెండు సర్వర్లు పెట్టి, మొదటిది పలకకపోతే రెండోది పెద్దరికం తీసుకునేలా స్క్రిప్టు రాశాను. ఒకరోజు మధ్యాహ్నం వాటి మధ్య ఉన్న నెట్‌వర్క్ స్విచ్చు పోయింది. రెండు సర్వర్లూ బతికే ఉన్నాయి. రెండోది మొదటిది చచ్చిందనుకుని రాతలు తీసుకోవడం మొదలుపెట్టింది. మొదటిది తన పని తను చేసుకుంటూనే ఉంది. ముప్పావు గంట రెండూ రాసుకున్నాయి. ఒకే నంబరుతో రెండేసి ఇన్‌వాయిస్‌లు, రెండూ నిజమైనవే. ఒక్క సర్వరే ఉండి అది పడిపోయుంటే ఆ ముప్పావు గంట పని ఆగేది, అంతే. వాటిని విడదీసి సరిచేయడానికి మూడు వారాలు పట్టింది. ఆ తప్పు పూర్తిగా నాది. అందుకే ఇప్పుడు ఎవరు ఏ సెటప్ గురించి అడిగినా ముందు నేనడిగేది ఇదే: రెండూ ఒకేసారి రాయకుండా ఆపేది ఏది?

ఈ ప్రశ్నతోనే మీ వెండరు మాట చూద్దాం. గలేరా చెడ్డదేం కాదు. ఒకే గదిలో మూడు సర్వర్లు పెట్టుకుని బాగా నడుపుకుంటున్నవాళ్ళున్నారు. కానీ ఆయన చెబుతున్నది రెండే సర్వర్లు, మధ్యలో వంద కిలోమీటర్ల పైన లైను. గలేరాలో సగం కంటే ఎక్కువమంది ఒకరికొకరు కనపడితేనే రాత సాగుతుంది. ఇద్దరే ఉండి మధ్య లైను తెగితే ఎవరికీ సగం కంటే ఎక్కువ ఉండదు కాబట్టి రెండూ ఆగిపోతాయి. ఒకటి హఠాత్తుగా చచ్చినా రెండోదీ ఆగుతుంది. ఆగే మాటే లేదన్న సెటప్పులో ఆగడానికి కారణాలు రెట్టింపయ్యాయన్నమాట. పైగా ఇవాళ నెల్లూరులో, ఒంగోలులో ఒకే రైతు అడ్వాన్సు ఖాతాని ఇద్దరు ఒకే క్షణంలో తగ్గించారనుకో. ఒకరికి చివర్లో, కమిట్ దగ్గర, అంటే రాత ఖాయమయ్యే చోట, డెడ్‌లాక్ ఎర్రర్ వచ్చి ఆ రాత వెనక్కి పోతుంది. మీ ప్రోగ్రాం ఆ ఎర్రర్‌ని పట్టి మళ్ళీ ప్రయత్నించేలా రాసి ఉండదు. ఒంగోలు సర్వర్ కాస్త మందగిస్తే దాని కోసం నెల్లూరు కూడా ఆగాలి, వరస పెరిగినప్పుడు గలేరా అందరినీ నిలబెడుతుంది. వీటన్నింటి కోసం నడుస్తున్న డేటాబేస్‌నే మార్చడమా? వద్దు. ఒంగోలు ఆఫీసు నుంచి ప్లాంటు సర్వర్‌లోకే రాయించు.

ఇక పోస్ట్‌గ్రెస్‌లో ఏం చేయాలి. ఇక్కడే నిదానంగా చదువు.

స్ట్రీమింగ్ రెప్లికేషన్ 2010లో 9.0తో వచ్చింది. మొదటి సర్వర్ తన లాగ్‌ని, అంటే ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే వాల్‌ని, రెండోదానికి పంపుతూ ఉంటుంది. మామూలుగా పెడితే ఇది అసింక్రనస్. ‘చీటీ ఎక్కింది’ అని ఫోన్‌కి చెప్పాక రెండోదానికి పోతుంది. ఆ సందులో మొదటిది చస్తే ఆ చీటీ పోయినట్టే. తర్వాతి ఏడాది 9.1తో సింక్రనస్ వచ్చింది. రెండోది కూడా తన డిస్కు మీద రాసుకున్నాకే ఫోన్‌కి ‘ఎక్కింది’ అని పోతుంది. మీ పనికి కావలసింది ఇది. ప్లాంటు లోపల రెండు సర్వర్ల మధ్య ఆ ఆలస్యం ఎవరికీ తెలియనంత తక్కువ.

దీంట్లో ఒక గొయ్యి ఉంది. సింక్రనస్‌గా పెట్టిన రెండో సర్వర్ ఒక్కటే ఉండి అది పడిపోతే, మొదటిది బతికే ఉండి కూడా ప్రతి కమిట్ దగ్గరా దానికోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇలాంటిదే సెమీ సింక్ అని ఉంది, దాని స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది మామూలు సెట్టింగులో పది సెకన్లు చూసి, ఎవరికీ చెప్పకుండా అసింక్రనస్‌లోకి జారుకుంటుంది. ఒకటి మాట కోసం ఆగిపోతుంది, ఇంకోటి పని కోసం మాట వదిలేస్తుంది. మధ్యదారి కావాలంటే పోస్ట్‌గ్రెస్ పైన పాట్రోని పెట్టుకో. ఏ సర్వర్ పెద్దదో చూసుకునే సాఫ్ట్‌వేర్ అది, జలాండో అనే కంపెనీ వాళ్ళు తయారుచేసి అందరికీ ఇచ్చారు, ఖర్చేమీ లేదు. దాని సింక్రనస్ మోడ్‌లో రెండోది పోతే, పోయిందని రాసిపెట్టుకుని మొదటిది ఒంటరిగా కొనసాగుతుంది. ఆ రాత వల్ల ఇంకో మేలుంది. వెనకబడిపోయిన రెండో సర్వర్‌ని అది తనంతట తాను పెద్దను చేయదు. చీటీలు తక్కువున్న సర్వర్ లేచి కూర్చునే ప్రమాదం అలా తప్పుతుంది. స్ట్రిక్ట్ అని ఇంకో మోడ్ ఉంది, అందులో రెండోది లేకపోతే రాతే ఆగుతుంది. బ్యాంకుకైతే అది పెట్టమంటాను. తెల్లవారుజామున రొయ్యల పట్టుబడి జరుగుతుంటే, ఐసు కరుగుతుంటే మీకది వద్దు. కానీ ఒంటరిగా నడుస్తున్న ప్రతి నిమిషం నీ ఫోన్ మోగుతూ ఉండాలి. ఆ అలర్ట్ పెట్టకుండా ఈ మోడ్ పెట్టావంటే మళ్ళీ 2023కే పోయినట్టు.

చేంజోవర్ ఎక్కడుంది అంటావు కదూ? ఎట్‌సీడీ అనే చిన్న ప్రోగ్రాంలో. పెద్దరికం తాళం దాని దగ్గర ఉంటుంది. మొదటి సర్వర్ పది సెకన్లకోసారి దాన్ని పొడిగించుకుంటూ ఉండాలి. ముప్ఫై సెకన్లలో పొడిగించలేకపోతే తాళం ఊడిపోతుంది, రెండోది తీసుకుంటుంది. మొదటిది బతికున్నా, తాళం చేతిలో లేకపోతే రాయడం మానేసి కిందికి దిగాలి. అసలే బిగుసుకుపోయి దిగలేని స్థితిలో ఉంటే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ దాన్ని రీబూట్ చేస్తుంది. చాలా సర్వర్ బోర్డుల్లో అది ఉంటుంది, ఆన్ చేసేవాళ్ళే తక్కువ. నువ్వు చెయ్యి.

తాళం ఎవరిదో సగం కంటే ఎక్కువ ఓట్లతో తేలుతుంది కాబట్టి ఎట్‌సీడీకి మూడు ఓట్లు కావాలి. రెండు సర్వర్లలో రెండు. మూడోది హైదరాబాద్‌లో పెట్టమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. తుపాను రాత్రి ఇంటర్నెట్ పోయి, అదే రాత్రి ఒక సర్వర్ కూడా పోతే, మిగిలిన దానికి మూడింట ఒక్క ఓటే మిగిలి, బాగున్న సర్వర్ కూడా రాయడం మానేస్తుంది. మూడో ఓటు ప్లాంటు ఆవరణలోనే, కాకపోతే వేరే చోట పెట్టు. వేబ్రిడ్జి గదిలో ఎస్‌ఎస్‌డీ ఉన్న చిన్న కంప్యూటర్ చాలు. దాంట్లో డేటాబేస్ ఉండక్కర్లేదు. ఇంతకీ ఆ రెండు సర్వర్లూ ఇప్పుడు ఒకే ర్యాకులో, ఒకే యూపీఎస్ మీద ఉన్నాయా? ఉంటే అవి రెండు కావు, ఒకటే. వేరే గది, వేరే యూపీఎస్, మధ్యలో రెండు నెట్‌వర్క్ స్విచ్చులు. ఈ ఖర్చుకి ఓనరు వెనకాడితే నా ఇన్‌వాయిస్‌ల కథ చెప్పు.

ఇంతవరకూ ప్లాంటు గోడ లోపలి సంగతి. ప్లాంటే మునిగితే?

మన జిల్లాలో అది ఊహించుకునే మాట కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, హైవే మీద రాకపోకలు ఆగాయి. అలాంటప్పుడు సర్వర్ బాగుచేసే మనిషి బయటి నుంచి రావడమే కష్టం. చాలామంది మూడో కాపీ చెన్నైలో పెడతారు, దగ్గర కదా అని. నువ్వు రాసిన మిచౌంగ్ తుపాన్నే గుర్తుచేసుకో. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందే చెన్నైని ముంచింది, ఆ తర్వాత మన తీరం వెంబడి పైకి పాకింది. ఒకే తుపాను అసలునీ కాపీనీ రెండింటినీ దాటుకుంటూ పోయింది. కాబట్టి మూడో కాపీ తీరానికి దూరంగా, హైదరాబాద్‌లో పెట్టు. 2022 నవంబరు నుంచి అక్కడ అమెజాన్ రీజియన్, అంటే వాళ్ళ క్లౌడ్ కేంద్రం, ఉంది, చిన్న మెషీన్ అద్దెకు తీసుకోవచ్చు.

ఆ కాపీని మాత్రం అసింక్రనస్‌గానే ఉంచు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ రోడ్డు దారిన నాలుగు వందల యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. పోయి రావడానికి కాంతికే నాలుగైదు మిల్లీసెకన్లు, మధ్యలోని రూటర్లతో అంతకు కొన్ని రెట్లు. పింగ్ కొట్టి నువ్వే చూడు. పదిహేను వచ్చిందనుకుందాం. ఐదు వందల వరసల పట్టుబడిని వరసకొక కమిట్‌తో ఎక్కించే ప్రోగ్రాం ఉంటే ఏడున్నర సెకన్లు కేవలం ఎదురుచూపుకే పోతాయి. లైను ఊగిసలాడే రాత్రి ఇంకా చెప్పక్కర్లేదు.

ఇంకోటి, హైదరాబాద్ కాపీ తనంతట తాను పెద్దది కాకూడదు. పాట్రోనిలో దానికి నోఫెయిలోవర్ అని ట్యాగ్ పెట్టు. గోడ లోపల యంత్రం నిర్ణయించుకోవచ్చు, ఊరు దాటించాలంటే మనిషే నిర్ణయించాలి. 2018 అక్టోబరు 21న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటుకు ఏమైందో వాళ్ళే విపులంగా రాసి పెట్టారు. అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. ఆ కాస్త సేపట్లో ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ పెద్దరికాన్ని పడమటి తీరానికి మార్చేసింది. తూర్పున అప్పటికే రాసిన కొన్ని రాతలు పడమటికి ఇంకా చేరలేదు. రెండు వైపులా వేరువేరు రాతలయ్యాయి. 43 సెకన్ల తెగుడుకి 24 గంటల 11 నిమిషాలు సేవలు కుంటుపడ్డాయి. అంతమంది ఇంజినీర్లున్న చోట అలా అయితే, నువ్వొక్కడివే ఉన్న చోట కొన్ని నిమిషాలు ఆగి, ప్లాంటుకు ఫోన్ చేసి, నిజంగా నీళ్ళొచ్చాయని తెలుసుకున్నాకే మార్చడం మేలు.

అంతా క్లౌడ్‌లో పెట్టమన్న నీ ఫ్రెండు మాట మరీ తీసేయదగ్గది కాదు. ఆఫీసుల్లో మాత్రమే పని ఉండే కంపెనీకైతే నేనూ అదే చెబుతాను. మీకు ప్లాంటులో గ్రేడింగు, ప్యాకింగు, కోల్డ్ స్టోరేజీ రాత్రంతా నడుస్తాయి. లైను తెగితే బయటి డేటాబేస్ ఎంత బాగున్నా ప్లాంటుకు లేనట్టే.

కోల్డ్ స్టోరేజీ అన్నాను కాబట్టి ఒక చిన్న ఉపాయం. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ అన్న సెట్టింగుని ట్రాన్సాక్షన్‌కి ఒక్కోరకంగా మార్చుకోవచ్చు. కాటా చీటీలు, చెల్లింపులు ‘ఆన్’లో ఉంచు. నిమిషానికోసారి వచ్చే టెంపరేచర్ రీడింగులకి ‘లోకల్’ చాలు, అంటే మొదటి సర్వర్ డిస్కు మీద రాస్తే చాలు. ఒక రీడింగు పోతే కొంపలేమీ మునగవు, చీటీకి అడ్డం రాకుండా ఉంటుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతికి వస్తాను. నాకైతే ఈ జవాబులో ఇదే ముఖ్యం. గుంట దగ్గర మీ కుర్రవాడు బరువు ఎక్కించి బటన్ నొక్కాడు. సర్వర్ రాసుకుంది, రెండోదానిలోనూ రాసింది, ‘ఎక్కింది’ అని చెప్పేలోపు పడిపోయింది. అరనిమిషంలో రెండోది లేచింది. కుర్రవాడికి మాత్రం ఎర్రర్ కనపడింది, మళ్ళీ నొక్కాడు. ఒకే లోడుకి రెండు చీటీలు. రెప్లికేషన్ ఎంత బాగా పెట్టినా ఇది జరుగుతుంది, ఎందుకంటే తప్పు సర్వర్‌లో లేదు. దీనికి మందు ఫోన్‌లో ఉంది. చీటీ పుట్టినప్పుడే ఫోన్ దానికి యూయూఐడీ, అంటే ఇంకే చీటీకీ రాని గుర్తింపు, ఇవ్వాలి. సర్వర్‌లో ఆ కాలమ్ యూనిక్‌గా ఉండాలి. రెండోసారి వస్తే ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ అని వదిలేసి, ‘ఎక్కింది’ అనే చెప్పాలి. ఫోన్ ఆ మాట వినేదాకా చీటీని తన దగ్గరే దాచుకుని పంపుతూ ఉండాలి. ఈ ఒక్క పని చేస్తే సిగ్నల్ లేని గట్టు మీద కూడా కాటా ఆగదు, సర్వర్ నిమిషం ఆగినా ఎవరికీ తెలియదు. డబ్బులు తక్కువుంటే ముందు దీనికే ఖర్చు పెట్టమంటాను. అన్నట్టు, చీటీ నంబర్లు పోస్ట్‌గ్రెస్ వరసగా ఇచ్చే సీక్వెన్స్ నుంచి వస్తుంటే, సర్వర్ మారినప్పుడు ముప్ఫై రెండు దాకా నంబర్లు దూకవచ్చు. చీటీలు పోయాయని ఆడిటర్ కంగారుపడతాడు, ముందే చెప్పి ఉంచు.

ఫోన్లకి జవాబిచ్చే ఏపీఐ ప్రోగ్రాం కూడా రెండు మెషీన్లలో ఉండాలి. డేటాబేస్ కనెక్షన్‌లో రెండు సర్వర్ల పేర్లూ రాసి, రీడ్-రైట్ ఉన్నదానికే పొమ్మని చెప్పే వీలు పోస్ట్‌గ్రెస్ 10 నుంచీ ఉంది. అంతకంటే ఆర్భాటం అక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు గబగబా చెబుతాను. కాపీకి ఇంకా చేరని వాల్‌ని దాచిపెట్టే రెప్లికేషన్ స్లాట్ వాడితే దానికి గరిష్ఠ పరిమితి పెట్టు. మామూలుగా పరిమితి ఉండదు. హైదరాబాద్ లైను మూడు రోజులు పోతే పంపని వాల్ అంతా పేరుకుని మొదటి సర్వర్ డిస్కే నిండి ఆగుతుంది. రెండు మెషీన్లలో ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే వెర్షన్ ఉండాలి. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28 (లైనక్స్‌లో ఉండే లైబ్రరీ) అక్షరాల వరస లెక్కను మార్చేసింది. పాతది ఒకదాంట్లో, కొత్తది ఇంకోదాంట్లో ఉంటే పేర్ల మీద ఉన్న ఇండెక్సులు సర్వర్ మారిన రోజు తప్పుగా పలుకుతాయి. రైతు పేరు కొడితే లేడంటుంది, వరసల్లో మాత్రం ఉంటాడు. పడిపోయిన పాత సర్వర్ లేచాక నేరుగా కలపకు, పీజీ రివైండ్ అనే టూల్‌తో సరిచేసి చిన్నదిగా చేర్చు. దానికి డేటా చెక్‌సమ్‌లు గానీ, వాల్ లాగ్ హింట్స్ అన్న సెట్టింగు గానీ ముందే ఆన్‌లో ఉండాలి. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 14కి రిపేర్ల గడువు 2026 నవంబరు వరకే, కాబట్టి కొత్త జంటను 17 మీదే కట్టు.

ఇంత చేసినా బ్యాకప్ మానకు. ఎవరైనా వేర్ లేకుండా, అంటే ఏ వరసలో చెప్పకుండా, డిలీట్ కొడితే ఆ తుడుపు కూడా క్షణంలో రెండో సర్వర్‌కి, వెంటనే హైదరాబాద్‌కీ నమ్మకంగా పోతుంది. 2017 జనవరి 31న గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో అలసిపోయిన ఇంజినీరు రెండో సర్వర్ అనుకుని మొదటిదాని డేటా డైరెక్టరీ చెరిపేశారు. బ్యాకప్‌లు చూస్తే, వెర్షన్ తేడా వల్ల అవి అసలు తయారే కావడం లేదు. ఆరు గంటల డేటా పోయింది. పీజీబ్యాక్‌రెస్ట్ అనే బ్యాకప్ టూల్ పెట్టి వాల్‌ని కూడా బయటికి పంపుతూ ఉంటే ఏ నిమిషానికి కావాలంటే ఆ నిమిషానికి వెనక్కి పోవచ్చు. నెలకోసారి ఆ బ్యాకప్‌ని ఇంకో మెషీన్‌లో లేపి, నిన్నటి చీటీలు లెక్కపెట్టు.

ఇక ఓనరు ప్రశ్న. పాట్రోని మామూలు సెట్టింగులతో సాధారణంగా నిమిషం లోపే మారుతుంది, కానీ ఆ అంకె పట్టుకుని ఆయన దగ్గరికి పోకు. తుపానుల నెలలు రాకముందే, పట్టుబడులు లేని ఒక మధ్యాహ్నం ఆయన్ని సర్వర్ గదికి పిలువు. వేబ్రిడ్జి దగ్గర ఒకరిని ఫోన్‌లో నిమిషానికి పది చీటీలు ఎక్కిస్తూ ఉండమను. మొదటి సర్వర్ పవర్ తీగ ఆయన చేతనే పీకించు. మళ్ళీ చీటీ ఎక్కేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో నోటుబుక్కులో రాయి, ఎక్కించిన చీటీలనీ డేటాబేస్‌లో ఉన్నవాటినీ పక్కపక్కన పెట్టి ఇద్దరూ లెక్కపెట్టండి. తర్వాత వారం రోజులు రెండో సర్వర్ మీదే కంపెనీ నడవనివ్వు. గుంటల దగ్గర జనరేటర్‌ని వారానికోసారి తిప్పి చూస్తారు కదా, నువ్వు నెలకోసారి ఈ తీగ పీకు. నోటుబుక్కులో ఆ రోజు రాసిన సెకన్లే ఆయనకు చెప్పాల్సిన జవాబు.